పాతది చూపిస్తేనే కొత్తది

పోయిన వారం సుదర్శన్‌ని మనం కోరుట్లలో, భూమయ్య షెడ్డుకు నూరు గజాల ఇవతల, ఆపిన మోటార్ సైకిల్ మీద వదిలేశాం. ఇంకా అక్కడే ఉన్నాడు. నెత్తి మీది హెల్మెట్ కూడా తీయలేదు. ఎండకని అనుకునేరు, కాదు. మొహం చెల్లక తీయలేదు.

ఇప్పుడే కథలో అడుగుపెట్టినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. ఈ సుదర్శన్ గౌడ్‌ది జగిత్యాల. ఒక పాత మోరిస్ మైనర్ కారును కొని, మీగడ రంగు వేయించి, పెళ్లిళ్లకూ, పెళ్లికి ముందు తీసుకునే ఫొటోలకూ కిరాయికిస్తాడు. ఆ కారుకు బ్రేకులు వేయగల చెయ్యి ఈ చుట్టుపక్కల ఒక్కటే, కోరుట్ల భూమయ్యది. మూడున్నర నెలల కింద భూమయ్యే బ్రేకులన్నీ విప్పి కొత్తగా వేశాడు. పది రోజులు గడిచాయి. సిరిసిల్లలో పన్నెండు మరమగ్గాలున్న లక్ష్మీరాజం కొడుకు మహేందర్‌ను, పెళ్లికూతురిని ఫొటోలకు తీసుకెళ్తుంటే, కోనరావుపేట తోవలో దిగుడు మీద బ్రేక్ పెడల్ నేలకు దిగిపోయింది. కారు కల్వర్టు గోడకు కొట్టుకుంది. మహేందర్ కుడి మోకాలు చితికి, పెళ్లి వాయిదా పడింది.

ఆ సాయంత్రం లక్ష్మీరాజం వాకిట్లో పది మంది ముందు సుదర్శన్ ఏమన్నాడో కూడా చెప్పాలి. "పాత రబ్బర్లే ఎక్కించి కొత్తయని చెప్పిండు భూమయ్య" అన్నాడు. అందరూ నమ్మారు.

అతను చెప్పకుండా మింగింది ఒకటుంది. ఫొటోలకు ముందురోజు పెడల్ కాస్త మెత్తబడింది. కారు అప్పుడు లక్ష్మీరాజం షెడ్డు ముందే ఉంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. అక్కడ కండెలు చుట్టే కళావతిని అడిగి సాంచెలకు పోసే నూనె సీసా తీసుకున్నాడు సుదర్శన్. చూడ్డానికి బ్రేక్ ఆయిల్ లాగే తేటగా ఉంది. నూనె నూనే కదా అనుకున్నాడు మహానుభావుడు. డ్రైవర్ కాళ్ల కింది చాప ఎత్తి, మూత తిప్పి, బ్రేక్ ఆయిల్ పోయాల్సిన చోట దాన్ని పోశాడు. ఆ నూనె తగిలితే బ్రేకుల లోపలి రబ్బరు ఉబ్బి, మెత్తబడి, పట్టు వదిలేస్తుంది. ఆ సంగతి అతనికి కల్వర్టు గోడ దగ్గరే అర్థమైంది. అర్థమయ్యాకే భూమయ్య పేరు చెప్పాడు.

ఇప్పుడు కారుకు మళ్లీ బ్రేక్ సామాను కావాలి. కరీంనగర్‌లో లేదు. హైదరాబాద్ పాత సామాన్ల దుకాణాల్లో రెండు రోజులు తిరిగితే, అంబాసిడర్‌వి ఉన్నాయి తీసుకుపొమ్మన్నారు. ఇంగ్లండ్ నుంచి తెప్పించుకోవాలంటే రెండు నెలలు. ఉన్న ఒక్క సెట్టూ భూమయ్య దగ్గరే ఉంది. సిగ్గు లేని పని అని తెలిసీ, ముందుగా ఫొటోగ్రాఫర్ సతీశ్‌ను పంపించి, నిజామాబాద్‌లో తన మామకు అలాంటి కారే ఉందని చెప్పించాడు. సతీశ్ ఉత్తి చేతులతో తిరిగొచ్చాడు. "పాతది చూపిస్తెనే కొత్తది ఇస్తడట అన్నా. ఎవలకైనా గదే రూలట" అన్నాడు.

అదీ సుదర్శన్‌కు వచ్చిపడ్డ చిక్కు. పాత రబ్బర్లు చూపిస్తే భూమయ్య ఇట్టే కనిపెట్టేస్తాడు. చూపించకపోతే కొత్తవి రావు. రెండు రోజులు ఆలోచించి, పాతవాటిని కిరోసిన్‌లో వేసి రుద్ది రుద్ది కడిగాడు. ఎండలో ఆరబెట్టాడు. వాటిని, నూనె నిండే మాస్టర్ సిలిండర్‌ను పేపర్లో చుట్టి సంచిలో వేసుకుని బయల్దేరాడు. నేరం చేసినవాడికి శుభ్రత మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొస్తుంది.

సరే, బండి ముందుకు పోనిచ్చాడు.

షెడ్డు మునుపటిలా లేదు. 'భూమయ్య బ్రేక్ వర్క్స్' అన్న బోర్డు కిందికి దిగి, గోడకు వెనక్కి తిప్పి ఆనించి ఉంది. షెడ్డు నిండా రైతులు పురుగుల మందు కొట్టుకునే పంపులే. లారీలు, డీసీఎం వ్యాన్లు వరస కట్టిన చోట ఒక్క చక్రం లేదు. తలుపు పక్కన భూమయ్య భార్య మల్లవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఎవ్వలూ?" అంది తలెత్తి.

హెల్మెట్ తీయక తప్పలేదు.

"నువ్వా తమ్మీ! గింత ఎండల పడి అచ్చినవ్. లోపలికి రా, కూసో. మంచినీళ్లు దెస్త" అని చాట పక్కన పెట్టి లేచింది.

ఆమె తిట్టి ఉంటే ఎంత బాగుండేది! తిడితే తిరిగి ఏదో అనొచ్చు. మంచినీళ్లిస్తే తాగడం తప్ప ఏం చేస్తాడు? గ్లాసు ఖాళీ చేశాడు.

భూమయ్య లోపల ఒక పంపు విప్పుతున్నాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి. మూడు నెలల్లో మెడ దగ్గర ఎముకలు తేలాయి. "రాండ్రి గౌడ్ సాబ్" అన్నాడు.

ఇదివరకు తమ్మీ అనేవాడు. పదేళ్లుగా తమ్మీయే. ఆ కొత్త మర్యాద చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"బాగున్నవా అన్నా?" అన్నాడు సుదర్శన్, అడిగి తీరాలి గనుక.

"ఏదో. బండెట్లున్నది?"

"ఆడనే ఉన్నది, కదుల్త లేదు. బాడీ అంతా సాపు జేపిచ్చిన. బ్రేక్ సామానే ఏడ దొర్కుత లేదు. నీ కాడ ఒక సెట్టున్నదని…"

"ఉన్నది. మా ఉస్తాద్ ఇచ్చిపోయిన ఆఖరిది. పాతయి తెచ్చినవా?"

"అవి మొత్తం ఖరాబైనయన్నా. చూసుడెందుకు? గదే బండి, గదే కొలత. నువ్వే గదా ఏసింది."

"నేనే ఏసిన" అన్నాడు భూమయ్య. చేతిలోని పానా కింద పెట్టాడు. "గందుకే జూడాలె. గా దినం అందరి ముంగట నువ్వు నా పేరు దీస్తివి గని, గా సామాను ఒక్కసారన్న నాకు సూపెట్టకపోతివి. రాత్రి పంటే గదే కండ్లల్ల తిరుగుతది. రబ్బర్ ఉల్టా ఎక్కిచ్చిన్నా? స్ప్రింగు సక్కగ కూసోలేదా? ఏడ తప్పు జేసిన్నో నాకు ఎర్కగావాలె గౌడ్ సాబ్."

సుదర్శన్ సంచి తెరిచాడు. పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

భూమయ్య పొట్లం ముట్టుకోలేదు. ముందు బయట డ్రమ్ము దగ్గరికి వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. గోళ్లలో మురికి పుల్లతో తీసుకుని మళ్లీ కడిగాడు. గ్రీజు చెయ్యి బ్రేకు రబ్బరుకు తాకకూడదన్నది అతని పద్ధతి. తువ్వాలతో కూడా తుడుచుకోడు, గాలికి ఆరనిస్తాడు. సుదర్శన్ ఇదంతా పదిసార్లు చూశాడు, నవ్వాడు కూడా. ఇలాంటి మనిషి పాత రబ్బర్లు ఎక్కించాడని పది మందికి చెప్పిన నోరు ఇది. ఆ నోట్లో ఇప్పుడు చేదు ఊరుతోంది.

భూమయ్య అటక మీదున్న రేకు డబ్బా దింపి, తెల్ల పొడి చల్లి దాచిన కొత్త రబ్బర్లను బల్ల మీద పెట్టాడు. పక్కన పాతవాటిని వరసగా పేర్చాడు. వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మల్లవ్వా, జెర నా అద్దాలు తే."

కళ్లజోడు పెట్టుకుని పాత రబ్బరును కొత్తదాని మీద బోర్లించాడు. పాతది నాలుగు వైపులా బయటికొచ్చింది.

"వాడిన రబ్బర్ అరుగుతది గౌడ్ సాబ్. గిది పెరిగింది. నా బతుకుల గిట్ల జూడలే."

"కిరోసిన్ల కడిగిన అన్నా. బాగ మురికున్నదని… గందుకే ఉబ్బిందేమో."

భూమయ్య వాసన చూశాడు. నిజంగానే కిరోసిన్ వాసన. "అవును, కిరోసిన్ల ఏస్తె ఉబ్బుతది. రబ్బర్‌కు పడదు గది. కడగకపోతే బాగుండు" అని తలూపాడు.

అయిపోయింది. గండం గడిచింది. ఆ క్షణంలో సుదర్శన్ లోపల ఎగిరిన సంబరం తలుచుకుంటే, రాస్తున్న నాకే ఒళ్లు మండుతోంది.

కానీ భూమయ్య పని ఇంకా అయిపోలేదు. మాస్టర్ సిలిండర్‌ను చేతిలోకి తీసుకున్నాడు. సుదర్శన్ దాని పైపైనే కడిగాడు, పైపు బిగించే సన్న రంధ్రం సంగతి తట్టలేదు. భూమయ్య అందులోకి ఒక తీగ దూర్చి మెల్లగా తిప్పి లాగాడు. తీగ చివర తెల్లటి పీచు ముద్దలా చుట్టుకుని వచ్చింది.

"గిదేంది?" అని వేళ్ల మధ్య నలిపాడు. "మల్లవ్వా, జూడు గిది."

మల్లవ్వ కాసేపు చూసి, "నూలు గాదా? దూది పీచు లెక్క ఉన్నది" అంది.

సాంచెల షెడ్డులో మూత లేకుండా పడుండే సీసాలో గాలికి ఎగిరే నూలు పీచు పడకుండా ఎలా ఉంటుంది? ఇప్పుడు భూమయ్య అడుగుతాడు, నూలు ఎక్కడిదని. ఏం చెప్పాలి? ఫొటోలకు పెట్టిన పూలదండలదని చెబుదామా? సీటు గుడ్డదని చెబుదామా? అబద్ధాలు ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తున్నాయి.

భూమయ్య అతన్ని ఏమీ అడగలేదు. తన భుజం మీది తువ్వాలను తీసి, దాని అంచు చూసుకున్నాడు. ఊడుతున్న దారప్పోగును పట్టుకుని, తీగ మీది పీచు పక్కన పెట్టాడు. అతని మొహం పాలిపోయింది.

"నాదేనే మల్లవ్వా" అన్నాడు. "నా తువ్వాలదే. గా దినం సిలిండర్‌ను దీంతోని తుడిచినట్టున్న. పీచు లోపల పడి రంధ్రం మూసుకపోయింది. యాదికి లేదు గని… జేసిన్నేమోనే. నేనే జేసిన్నేమో."

"నువ్వెన్నడు తువ్వాలతోని తుడిచినవ్? ఊకో" అంది మల్లవ్వ, మళ్లీ బీడీల చాట ముందు కూర్చుంటూ.

"మరి ఏడికెళ్లి అచ్చింది? నా షెడ్డుల నూలు ఇంకేడున్నది?" భూమయ్య స్టూలు మీద కూలబడ్డాడు. "అనుమానమైనా మిగిలిండె గిన్ని దినాలు. గది గూడ పాయె. రేపు బేస్తారం. గా పోరనికి మొకం ఎట్ల సూపెట్టాలె?"

"ఏ పోరనికి?" అన్నాడు సుదర్శన్.

జవాబు మల్లవ్వ చెప్పింది. "మహేందర్‌కు. ఇంకెవలకు? నీకు తెల్వదా తమ్మీ? బేస్తారం బేస్తారం పొద్దుగాల మొదటి బస్సుకు సిరిసిల్ల పోతడు గీయన. లక్ష్మీరాజం సేటు కారు తోలుకుంట గా పిలగాన్ని కాలు కసరత్తుకు కరీంనగర్ దవాఖానకు తీస్కపోతడు. మెట్లు ఎక్కలేకపోతె ఎత్తుకుంటడు. బస్సు కిరాయి ఇస్తమన్నా తీస్కోడు. నా చేతులతోని విరిగిన కాలు అంటడు. బ్రేకుల పని ముట్టనని ఒట్టు వెట్టుకున్నడు. బువ్వ సుత సక్కగ తింటలేడు."

సుదర్శన్‌కు ఈ సంగతి తెలియదు. మూడు నెలల్లో అతను సిరిసిల్ల వైపు వెళ్లలేదు, మహేందర్ కాలు ఎలా ఉందో ఒక్క ఫోన్ చేసి అడగలేదు. తను మోయాల్సిన కుర్రాడిని ఈ ముసలాయన భుజాన మోస్తున్నాడు. మోస్తూ, తప్పు తనదేనని నమ్ముతున్నాడు. నమ్మించింది ఎవరు? భూమి చీలితే బాగుండునని అంటారు చూడండి, అప్పుడు అతనికి అక్షరాలా అలాగే అనిపించింది. భూమి చీలలేదు. కింద గ్రీజు మరకల గచ్చు గట్టిగా ఉంది.

తప్పించుకునే దారి తెరిచే ఉంది. నిజమే అన్నా, తువ్వాలదే అంటే చాలు. కొత్త సెట్టు చేతికొస్తుంది. మనిషి పేరు ఎలాగూ పోయింది, ఇంకొంచెం పోతుంది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా.

"నీది కాదన్నా" అని మరో మాట బయటపడింది. "నూనె పోసింది నేనే."

బీడీ ఆకు మీద మల్లవ్వ చెయ్యి ఆగిపోయింది.

"ఏం నూనె?"

"సాంచె నూనె. ఫొటోలకు ముందటి దినం పెడల్ మెత్తగైంది. లక్ష్మీరాజం సేటు షెడ్డుల కళావతక్కను అడిగి తీస్కున్న. దేంట్ల పోస్తున్ననో ఆమెకు తెల్వదు. గా నూలు గా సీసాలదే. నీ తువ్వాలది కాదు."

భూమయ్య కళ్లజోడు తీసేశాడు. "అంటే గా సాయంత్రం… పది మంది ముంగట నన్ను అన్నప్పుడు నీకెర్కేనా?"

ఇక్కడ చాలా చెప్పుకోవచ్చు. భయమైందని, పెళ్లివారు కొడతారనుకున్నానని, కారు మీదే ఇల్లు గడుస్తుందని. అన్నీ నిజాలే. సుదర్శన్ ఒక్కటీ చెప్పలేకపోయాడు.

"ఎర్కే" అన్నాడు.

మల్లవ్వ లేచింది. ఆకులు, తంబాకు కింద చెదిరిపోయాయి. "నిన్ను తమ్మీ అన్న గద రా! నీకు నీళ్లిచ్చిన గద! మూడు నెలలు మా ఇంట్ల పొయ్యి సక్కగ మండలేదు. సంతల కూరగాయలమ్మేటిది గూడ 'మీ ఆయన బ్రేకులకు దండం' అని నవ్వింది. సిగ్గున్నదా నీకు? మల్ల సామానుకు అచ్చినవా? ఏ మొకం పెట్టుకోని అచ్చినవ్ రా?"

అతను తలెత్తలేదు. ఆమె అంటున్న ప్రతి మాటా తనకు రావాల్సిందేనని అనిపించింది. ఇంకా అంటే బాగుండుననీ అనిపించింది.

భూమయ్య మాత్రం వాళ్లిద్దరి వైపూ చూడటం లేదు. తన రెండు చేతులూ ముందు పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"నా చేతుల తప్పు లేదే మల్లవ్వా" అన్నాడు. "లేదే. నేను సక్కగనే ఏసిన."

ఆ మాట అంటుంటే ఆయన కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. కోపం రావాల్సిన చోట ఆ మనిషికి ముందు సంతోషం వచ్చింది. అది చూసి సుదర్శన్ ఏడుపు ఆపుకోలేకపోయాడు. నలభై ఆరేళ్ల మనిషి, మందు పంపుల మధ్య నిలబడి, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చకూడదు కూడా.

భూమయ్య బయటికి నడిచి డ్రమ్ము దగ్గర మొహం కడుక్కోసాగాడు. సరిగ్గా అప్పుడు బల్ల మీద ఆయన ఫోన్ మోగింది. దాని అద్దం పగిలి చాలా రోజులైంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినబడదు, స్పీకర్ మీదే మాట్లాడాలి. మల్లవ్వ తొంగి చూసి, "సిరిసిల్ల సేటు" అంది.

భూమయ్య మొహం నిండా సబ్బుతోనే అన్నాడు. "సుదర్శన్, నువ్వే ఎత్తు. నాకు చెప్పిన తీరుగనే ఆయనకు జెప్పు."

గౌడ్ సాబ్ పోయింది, తమ్మీ తిరిగి రాలేదు. సుదర్శన్ ఫోన్ ఎత్తాడు.

"ఆఁ భూమయ్యా, రేపు జెర జల్ది రా. డాక్టర్ పది గంటలకే రమ్మన్నడు" అంది లక్ష్మీరాజం గొంతు. వెనక సాంచెలు టకటకా కొట్టుకుంటున్నాయి.

"సేటూ, నేను సుదర్శన్‌ను. జగిత్యాల."

"నువ్వా? భూమయ్య ఏడి?"

"మొకం కడుగుతున్నడు, బయట. సేటూ, మీకొక మాట చెప్పాలె." ఊపిరి తీసుకున్నాడు. ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు. "గా దినం బ్రేకుల తప్పు భూమన్నది కాదు. మీ షెడ్డుల సాంచె నూనె నేనే పోసిన. పోసి, ఆయన పేరు చెప్పిన."

సాంచెల చప్పుడు మెల్లగా దూరమైంది. లక్ష్మీరాజం షెడ్డులోంచి బయటికి నడిచినట్టున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గించాడు. ఎంత తగ్గిస్తేనేం, ఆ పగిలిన ఫోన్‌లో వీధి దాకా వినిపిస్తుంది.

"గా సంగతి నాకెర్కే సుదర్శన్."

"ఆఁ?"

"కళావతి చెప్పి నెల దాటింది. భయానికి రెండు నెలలు దాసుకుని, ఆగలేక చెప్పింది. నా షెడ్డు నూనె, నా పనిమనిషి ఇచ్చిందాయె. బయటవడితే నాకు సుత ఇజ్జత్ కాదు. నువ్వు పరేషాన్ గాకు. గని ఒక్క మాట. గిది భూమయ్యకు మాత్రం చెప్పకు. చెప్తే రేపటి నుంచి ఆయన రాడు. నా పిలగాన్ని ఎవలు తీస్కపోవాలె, ఎవలు ఎత్తుకోవాలె? గంత మంచిగ ఇంకెవలు జూస్తరు? కాలు సాపు గానీ, అప్పుడు ఇద్దరం కలిసి చెప్దాం తియ్యి. ఏమంటవ్?"

సుదర్శన్ తల తిప్పి చూశాడు. తలుపు దగ్గర భూమయ్య నిలబడి ఉన్నాడు. గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి. ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు. మల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగు బేస్తారాలు. తెలిసి కూడా, లక్ష్మీరాజం నాలుగు గురువారాలు ఆయన్ను తిప్పుకున్నాడు.

భూమయ్య నడిచివచ్చి ఫోన్ మీదికి వంగాడు.

"రేపు అస్త సేటూ" అన్నాడు. గొంతు పెంచలేదు. "మొదటి బస్సుకే అస్త. గని మహేందర్‌కు నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

అవతల లక్ష్మీరాజం "భూమయ్యా…" అని ఆగిపోయాడు. ఆ తర్వాత, ఫోన్‌కు కాస్త దూరంగా, నేల మీద కుర్చీ జరిపిన చప్పుడు. దాని వెనకే ఒక కుర్రాడి గొంతు.

"బాపూ, భూమయ్య కాకకు ఏం చెప్పొద్దంటున్నవ్?"